అనుకరణ చిహ్నములు – మన “అని”

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘ సభలో విరామ చిహ్నములను గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. పాటకచేరికిని నాటకమునకును నడుమ ఈ వ్యాకరణ పాఠమేమి అని పిల్లలు విసుగుకొనవచ్చును. కాని మనలో పెక్కుమంది కాగితముతో బ్రతుకువారము. పగలెల్ల కార్యాలయమున ఇంగ్లీషులో నోటు వ్రాసి, డ్రాఫ్టు దిద్ది, సాయంకాలము ఇంటికి వచ్చి తెలుగున మాటలాడుదుము. నడుమ బస్సులోను, బజారులోను హిందీ. ఈ మూడు భాషలును ఒకే పనిని మూడు తీరుల చేయుచున్నవి. ఆ పని యేదనగా, ఒకరు పలికిన మాటను వారి మాటగానే మరియొకరికి అందజేయుట. చూచుటకిది చిన్న పని. దీనిలో పొరపాటు వచ్చినచో ఒక ఉద్యోగి బ్రతుకే తారుమారు కావచ్చును. అందువలన ఈ పూట దీనినే విషయముగా గైకొంటిని.

ఇంగ్లీషువారు ఇన్‌వర్టెడ్ కామాలనియు, కొటేషన్ మార్కులనియు పిలుచు గుర్తులకు మన వ్యాకరణ పుస్తకములు అనుకరణ చిహ్నములని పేరు పెట్టినవి. పేరు చక్కగా కుదిరినది. అనుకరణమనగా ఒకరు పలికిన పలుకును తిరిగి పలుకుట గదా.

ఈ చిహ్నములు ఇంగ్లీషుతో కూడ పుట్టినవి కావు. క్రీస్తుపూర్వము 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియా పండితుడు అరిస్టార్కస్ హోమరు కావ్య ప్రతులను పరిష్కరించునప్పుడు, గమనింపదగిన పంక్తుల ప్రక్కన అంచునందు కోణాకారమైన ఒక గుర్తు నుంచెడివాడు. దానికి డిప్లే అని పేరు. తరువాతి కాలమున క్రైస్తవ లేఖకులు తమ వ్రాతలో బైబిలు వాక్యము వచ్చినచోట ఆ గుర్తునే అంచున నుంచిరి. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట, 16వ శతాబ్దమున ముద్రాపకులు ఆ పనికి జంట కామాలను వాడదొడగిరి. అవియు మొదట అంచుననే యుండెడివి. 1611లో అచ్చయిన ప్రసిద్ధమైన ఇంగ్లీషు బైబిలులో అనుకరణ చిహ్నములు లేవు. అందు ఎవరైన మాటలాడినచో ఒక కామా, దాని వెంట ఒక పెద్ద అక్షరము, అంతే. 18వ శతాబ్దమున నవలలు వెలసి, పాత్రలు పుటల కొలది సంభాషించుట మొదలైన పిమ్మటనే ఈ గుర్తులు అంచు విడిచి పంక్తిలోనికి వచ్చి, మాట తెరచుచోట నొకటి, మూయుచోట నొకటి నిలుచు అలవాటు స్థిరపడినది. మనము బడిలో అనాది నియమమువలె వల్లించిన ఈ పద్ధతికి మూడు వందల యేండ్ల వయస్సు మాత్రమే కలదు.

ఇంగ్లండు, అమెరికా అచ్చుకూటములకు నేటికిని దీనియందు ఏకాభిప్రాయము లేదు. బ్రిటిషు గ్రంథ ముద్రణలో సాధారణముగా ఒంటి గుర్తు వెలుపల, జంట గుర్తు లోపల నుండును. అమెరికాలో దీనికి విపర్యయము. వాక్యాంత బిందువును, కామాను అమెరికనులు మూయు గుర్తునకు లోపలనే ఉంచుదురు. ఆ బిందువు ఉదాహరించిన మాటకు చెందినదైనచో లోపల, మన వాక్యమునకు చెందినదైనచో వెలుపల ఉంచుట బ్రిటిషు పద్ధతి. మన పిల్లలు ఒక పుస్తకమున నొక తీరు, మరియొక పుస్తకమున మరియొక తీరు చూచి, ఏది తప్పని మనలను అడుగుదురు. రెండును తప్పు కావు. ఒకే కాగితములో రెంటిని కలుపుట తప్పు. ఏదో యొకటి యెన్నుకొని కడవరకు దానినే పాటింపవలెను.

చిహ్నము ఎక్కడ నుంచవలెనను దానికంటె అది చేయు ప్రమాణము ముఖ్యమైనది. గుర్తుల నడుమ ఒక మాట నుంచితిమన్నచో, ఆ మాట అక్షరము మారక అవతలివారిదేనని మనము హామీ యిచ్చినట్లు. దీనినుండి మూడు నియమములు పుట్టుచున్నవి. మొదటిది, లోపలి మాటను మార్చరాదు. అందు తప్పున్నను దిద్దరాదు. రెండవది, నడుమ ఏమైన విడిచినచో మూడు చుక్కలుంచి విడిచితినని చెప్పవలెను. మూడవది, అర్థము తెలియుటకు మన మాట నొకదానిని చేర్చవలసివచ్చినచో చదరపు కుండలీకరణములలో చేర్చవలెను. పెక్కు పేరాల నిబంధనను ఎత్తి వ్రాయునప్పుడు ప్రతి పేరా మొదటను తెరచు గుర్తు ఉంచి, కడపటి పేరా చివర మాత్రమే మూయు గుర్తు ఉంచుట ఇంగ్లీషు సంప్రదాయము. నడుమ మూసినచో మాట అక్కడితో ముగిసినదని చదువరి భ్రమపడును.

ఇక మన తెలుగు సంగతి. తాటాకు ప్రతులలో పదమునకు పదమునకు నడుమ ఎడమే లేదు. పద్యము ముగిసినచోట ఒక గీత, అంతకంటె విరామ చిహ్నముల ఆడంబరము కానరాదు. అయినను భారత భాగవతాదులలో ఎవరు ఎవరితో ఏమి పలికిరో తెలియక శ్రోత తికమకపడినది లేదు. కారణమేమి? పలుకు మొదలగుటకు ముందు “ఇట్లనియె” అని యుండును. ముగియగనే “అని”, “అనిన విని”, “అనుటయు” అని యుండును. ఈ రెండు మాటలే తెరచు గుర్తు, మూయు గుర్తు. వానిలో విశేషమేమనగా అవి చెవికి వినబడును. ఇంగ్లీషు గుర్తు కంటికే కాని చెవికి అందదు. పురాణము పాడి వినిపించు దేశమున వినబడని గుర్తుతో పని జరుగునా?

చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికను తలచుకొనుడు. అందు కథలో కథ, ఆ కథలో మరియొక కథ. ఒక జంతువు మరియొక జంతువునకు చెప్పుచుండగా, ఆ కథలోని పాత్ర ఇంకొక కథ నెత్తుకొనును. ఇంగ్లీషు పద్ధతిలో జంటగుర్తు, దానిలో ఒంటిగుర్తు, మరల జంటగుర్తు పేర్చవలసివచ్చును. రెండు మెట్లు దిగునప్పటికే కన్ను చెదరును. మన “అని చెప్పెను” ఒక్కొక్క తలుపునే మూసికొనుచు వెనుకకు నడిపించును.

ఈ “అని” సంస్కృతమునందలి “ఇతి”కి సాటి. తమిళ కన్నడములలోను ఇటువంటి మాటలే వాక్యము చివర నిలిచి ఈ పనిని చేయుచున్నవి. ఈ పోలికను బట్టి కైపర్ అను డచ్చి భాషావేత్త 1967లో, భారతదేశపు భాషలు వేరు కుటుంబములవైనను చిరకాల సహవాసమున ఒకదాని తీరు మరియొకదానికి అలవడినదను వాదమునకు “ఇతి” ప్రయోగమును కూడ ఒక నిదర్శనముగా చూపెను. మనము బజారున వాడు హిందీ మాత్రము వేరు దారి పట్టినది. అందు “కి” అను మాట పలుకునకు ముందు వచ్చును. హిందీ తలుపు తెరచి చూపును. మూయు పని వినువాని ఊహకు విడుచును. తెలుగు తలుపు మూసి చూపును. ఇంగ్లీషు అచ్చు రెండు గుర్తులును ఉంచును. కనుక మనము ఇంగ్లీషునుండి నిజముగా ఎరువు తెచ్చుకొన్నది తెరచు గుర్తు నొక్కదానినే అనవచ్చును. వాడుక తెలుగులో పొడవైన మాట నెత్తి చెప్పునప్పుడు, చివర “అని” వినబడువరకు అది చెప్పువాని మాటయో, పరుని మాటయో తేలకపోవుట కలదు. ఆ లోపమునకు విరుగుడుగానే పెద్దలు ఉత్తరములలో “తమకు వ్రాయునదేమనగా” అనిరి. సాక్ష్యములలో “అతడు చెప్పినదేమనగా” అనిరి.

తెలుగున పరోక్ష కథనమునకు మరియొక సొగసు కలదు. “రాముడు తాను వస్తానని కృష్ణునితో చెప్పినాడు” అను వాక్యమును చూడుడు. “తాను” అనునది కథ చెప్పువాని మాట. “వస్తాను” అనునది రాముని నోట వెలువడిన క్రియ, ఉత్తమపురుష మారలేదు. సగము నా నోరు, సగము రాముని నోరు ఒక్క వాక్యములో ఇమిడినవి. ఇంగ్లీషున దీనిని చెప్పినచో, వచ్చువాడు రాముడో, కృష్ణుడో, మూడవవాడో తెలియదు. ముగ్గురికిని “హి” ఒక్కటే. మనకు “తాను వస్తానని” అన్నచో రాముడే. “అతడు వస్తాడని” అన్నచో మూడవవాడు. సందేహమునకు చోటు లేదు.

ఈ సొగసే ఇంగ్లీషు వ్రాతలో మనలను తప్పుదారి పట్టించుచున్నది. మన వాక్యమున కాలము మారదు; వారిది మారును. చెప్పినది నిన్నటిదైనచో వచ్చుటయు భూతకాలపు “వుడ్”తో వ్రాయవలెను. మనము “విల్” అని విడుచుచున్నాము. మనకు “చెప్పినాడు” అను ఒక్క క్రియ చాలును. వారికి “సెడ్” వేరు, “టోల్డ్” వేరు. “టోల్డ్” అన్నచో ఎవరికి చెప్పినాడో వెంటనే చెప్పి తీరవలెను. “ఎక్కడికి పోతున్నావని అడిగినాడు” అను దానిని మన పిల్లలు “హి ఆస్క్‌డ్ మి వేర్ ఆర్ యూ గోయింగ్” అని వ్రాయుదురు. తెలుగు ప్రకారమిది నిర్దుష్టము. ఇంగ్లీషు ప్రకారము ప్రశ్న వరుస విడిచి “వేర్ ఐ వాజ్ గోయింగ్” అని యుండవలెను. అన్నిటికంటె సామాన్యమైన దోషము, “సెడ్ దట్” అని వ్రాసి, దాని వెంట ఉత్తమపురుషలో పూర్తి వాక్యమును గుర్తులలో నుంచుట. “దట్” పరోక్ష కథనమునకు గుర్తు. అనుకరణ చిహ్నములు ప్రత్యక్ష కథనమునకు గుర్తు. పూర్తి వాక్యమును చెప్పునప్పుడు రెండింటిలో ఒకదానినే వాడవలెను. ఈ భేదము తెలిసిన పిల్లవాడికి “నీ ఇంగ్లీషు తప్పు” అని చెప్పనక్కరలేదు. “నీవు తెలుగు నియమమును ఇంగ్లీషున నడిపితివి” అని చెప్పినచో సిగ్గుపడక దిద్దుకొనును.

“అని” ఉన్న ప్రతిచోటను గుర్తులుంచరాదని కూడ చెప్పవలెను. “గజ్జెలు గలగలమని మ్రోగినవి” అనునప్పుడు “అని” ధ్వని ననుకరించినది. “మిమ్ము చూతమని వచ్చితిమి” అన్నచో మనసులోని ఉద్దేశమును చెప్పినది. “వాన వచ్చునని గొడుగు తెచ్చితిని” అన్నచో కారణమును చెప్పినది. తెలుగువానికి ఉద్దేశము, కారణము, ధ్వని అన్నియు పలుకులే. ఇంగ్లీషున వీనికి వేరు వేరు నిర్మాణములు కలవు.

మరియొక చిన్న మాట “అట”. కొందరు వర్తకులు తమ పలకపై “తాజా” అను మాటను అనుకరణ చిహ్నములలో వ్రాయింతురు. వారి తలపు ఆ మాటకు బలము చేకూర్చుట. ఇంగ్లీషు చదువరికి అందు కలుగు భావము దీనికి వ్యతిరేకము: తాజా అని వీరు చెప్పుకొనుచున్నారు, నిజము మేమెరుగము! దీనిని మన ఇల్లాండ్రు గుర్తుల సాయము లేకయే చెప్పుదురు. “తాజా కూరలట!” అన్నచో సంచి చేత పట్టుకొని ముందు దుకాణమునకు నడిచిపోవుదురు. “వచ్చినాడు” అన్నచో నేను చూచితిని; “వచ్చినాడట” అన్నచో విన్నాను, చూడలేదు. ఒక్క “ట”కారముతో చూచినదానికిని విన్నదానికిని నడుమ గట్టు వేసిన భాష మనది.

ఇప్పుడు కార్యాలయమునకు పోదము. తనిఖీదారు ఒకరు “కొంత ఆలస్యము జరిగినట్లు తోచుచున్నది” అని వ్రాసిరనుకొందము. దానిపై నోటు వ్రాయు గుమాస్తా సంగ్రహముగా “ఆలస్యము జరిగినదని తనిఖీదారు తెలిపిరి” అని వ్రాసెను. “తోచుచున్నది” పోయినది. పైమెట్టున ఇంకొకరు దానిని చదివి “ఆలస్యము జరిగియున్నందున బాధ్యుని గుర్తింపవలెను” అని వ్రాసిరి. తనిఖీదారు కూడ పోయెను. మూడవ పుటకు వచ్చునప్పటికి అనుమానము నిశ్చయమైనది. ముగ్గురిలో ఎవ్వరును అబద్ధమాడలేదు. ఒక్కొక్కరు ఒక్క “అట”ను విడిచిరి. ఆ ఫైలు కడపట ఒక చిన్న ఉద్యోగి పేరు వద్ద ఆగును. అతనికి భార్య, బిడ్డలు, చదువు ఖర్చులు కలవు.

మన రాజ్యాంగము 311వ అనుచ్ఛేదమునందు, సివిలు ఉద్యోగిని అతనిపై మోపిన ఆరోపణలను తెలిపి, చెప్పుకొనుటకు తగిన అవకాశమిచ్చి విచారణ జరిపిన పిమ్మటనే తొలగింపవలెనని సాధారణ నియమము చేసినది. 1965 నాటి కేంద్ర సివిలు సర్వీసుల క్రమశిక్షణ నిబంధనలలో 14వ నిబంధన ప్రకారము అభియోగములతో కూడ ఆరోపణల వివరణ పత్రము నీయవలెను. ఆరోపణ యన్న మాటలోనే “అట” ఉన్నది. అది నిరూపణ కాదు. ఆ భేదమును నిలుపుట పెద్ద అధికారుల పనియే కాదు. మొదటి నోటు వ్రాయువాని పని కూడ. ముఖ్యమైన వాక్యమును సంగ్రహింపక, గుర్తుల నడుమ ఉన్నదున్నట్లు ఎత్తి, పుట సంఖ్యను చూపినచో, పైవారు ఎంతమంది చేతులు మారినను ఆ “తోచుచున్నది” చెక్కుచెదరదు. దీనికి పట్టు కాలము రెండు నిమిషములు.

చిహ్నములకు ఇంత విలువ కలదా అని సందేహించువారికి న్యాయస్థానముల సంగతి చెప్పెదను. 1952లో మన సర్వోన్నత న్యాయస్థానమున ఒక తీర్పునందు, శాసన వ్యాఖ్యానమున విరామ చిహ్నము అల్పాంశమే యైనను, శ్రద్ధగా చిహ్నములుంచిన శాసనములో అర్థము సందేహాస్పదమైనప్పుడు వానికి విలువ నీయవలెనని చెప్పబడినది. 1979లో ఆ న్యాయస్థానమే 1940 నాటి ఔషధముల చట్టములోని 27వ సెక్షనును వ్యాఖ్యానించినది. నిలువయుంచుట, అమ్మకమునకు ప్రదర్శించుట అను రెండు మాటలు అందు ప్రక్కప్రక్కన ఉన్నవి. “నిలువయుంచు” అను అర్థమునిచ్చు ఇంగ్లీషు మాట తరువాత కామా లేదు. కామా లేనందున “అమ్మకమునకు” అను మాట రెండింటికిని చెందుననియు, కేవలము మందు దగ్గర నున్నంత మాత్రమున నేరము కాదనియు, అమ్మకమునకై ఉంచినట్లు రుజువు కావలెననియు న్యాయస్థానము నిర్ణయించినది. లేని కామా ఒకటి ఒక ముద్దాయి పక్షమున నిలిచినది.

అన్ని వేళల నిట్లు కలిసిరాదు. 1916లో ఐర్లండు స్వాతంత్ర్యవాది రోజర్ కేస్‌మెంటుపై రాజద్రోహ విచారణ జరిగినప్పుడు, 1351 నాటి శాసనములో “మరియొకచోట” అను మాట ఏ భాగమునకు అన్వయించునను దానిపై వాదము నడిచెను. ఆ శాసనము నార్మను ఫ్రెంచి భాషలోనిది. విరామ చిహ్నములు సరిగా లేనిది. న్యాయాధిపతులు మూల పత్రమును స్వయముగా చూచి వచ్చిరి. కేస్‌మెంటు వాదము నిలువలేదు. ఆ యేడు ఆగస్టు 3వ తేదీన ఆయనను ఉరితీసిరి. కామా ఆయనను ఉరితీసినదని లోకము చెప్పుకొన్నది.

నేడు ఫైళ్లు కంప్యూటరు తెరమీద కదలుచున్నవి. పూర్వము ఒక పేరాను ఎత్తివ్రాయవలెనన్నచో చేతితో వ్రాయవలసియుండెను. ఇది పరుని మాట యను స్పృహ వ్రాయునంతసేపు నుండెడిది. నేడు రెండు మీటలు నొక్కినచో పుటలు పుటలు వచ్చి మన నోటులో చేరుచున్నవి. గుర్తులుంచనిచో ఏది నిబంధన, ఏది పూర్వపు నోటు, ఏది మన అభిప్రాయము అని ఆరు నెలల తరువాత మనకే తెలియదు. శ్రమ తగ్గినకొలది జాగ్రత్త పెరుగవలెను.

చివరగా మన ఇండ్ల సంగతి. పరాయి రాష్ట్రములలో పెరుగుచున్న మన పిల్లలు సెలవులకు ఊరికి పోయి తాతయ్య, అమ్మమ్మల మాటలు విని వత్తురు. మన సంచికకు వ్యాసము వ్రాయుమన్నచో ఆ మాటలను దిద్ది, పుస్తక భాషలోనికి మార్చి వ్రాయుదురు. అది మర్యాద యని వారి తలపు. కాని పైన చెప్పిన మొదటి నియమము ఇక్కడను వర్తించును: గుర్తుల లోపలి మాటను మార్చరాదు. శ్రీకాకుళపు అవ్వ “ఎక్కడికెల్తన్నావు” అనును. అనంతపురపు తాత “యాడికి పోతాండావ్” అనును. వరంగల్లు అమ్మమ్మ “ఏడికి పోతున్నవ్” అనును. ముగ్గురి మాటను “ఎక్కడకు వెళ్లుచున్నావు” అని వ్రాసినచో ముగ్గురును మాయమగుదురు. వెలుపలి వాక్యము మీ ఇష్టము వచ్చిన భాషలో వ్రాయుడు. నేను ఈ ప్రసంగమును గ్రాంథికమున వ్రాసికొన్నట్లే వ్రాయుడు. లోపలి మాట మాత్రము ఆమెది. 1897లో కన్యాశుల్కమును అచ్చువేయించిన గురజాడవారు తమ పాత్రల నోట వారి వారి మాటనే ఉంచిరి. నాటకమగుటచే అక్కడ పాత్ర పేరే అనుకరణ చిహ్నము. నేటికిని ఆ పాత్రలు మన ఎదుట నిలిచి మాటలాడుటకు అదియొక కారణము.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. వచ్చే సంవత్సరపు సంచికలో నాలుగు పుటలు కేటాయించి, మన సభ్యుల ఇండ్లలోని వృద్ధుల మాటలను, ఎవరు, ఏ ఊరివారు అని చూపి, ఉన్నవి ఉన్నట్లుగా గుర్తులలో ప్రకటింపుడు. పిల్లలే విని వ్రాయవలెను. అనుకరణ చిహ్నములను నేర్చుటకు దానికి మించిన అభ్యాసము లేదు. తెలుగును నేర్చుటకును లేదు.

 పాటకచేరికి వేళయినది, సెలవు.